గది ఊసెత్తని హోమ్ థియేటర్

కర్నూలు జిల్లా ఎమ్మిగనూరులోనో ఆదోనిలోనో కొత్తగా ఇల్లు కట్టుకున్న మనిషి హోమ్ థియేటర్ పెట్టిద్దామని అంగడికి పోతే రెండే ప్రశ్నలు ఎదురవుతాయి. బడ్జెట్ ఎంత? ఎన్ని వాట్లు కావాలి? వాటికి జవాబు దొరికేసరికి అట్టపెట్టె బల్ల మీదికి వచ్చేస్తుంది. దాని మీద వేలల్లో వాట్లు, పక్కన స్పీకర్ల లెక్క, ఒక మూలన డాల్బీ గుర్తు. ఈ సామాను పెట్టబోయే గది పొడుగెంత, వెడల్పెంత, కింద పరిచినవి టైల్సా బండలా, గోడలు ఎలా ఉన్నాయి అన్న సంగతి అమ్మేవాడు అడగడు, కొనేవాడు చెప్పడు. థియేటర్ అనేది పెట్టెలో ఉంటుందని, పెట్టె ఖరీదు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుందని ఊళ్ళో అందరి నమ్మకం. దాని వెనకే ఇంకొకటి: లక్షలు లేనివాడికి, హైదరాబాదులో విల్లా లేనివాడికి అది అందని సరుకని.

రెండు నమ్మకాలూ తప్పే. ఇంట్లో కూర్చుని వినే శబ్దంలో పెద్ద వాటా గదిది. ఆ గదిని దారికి తెచ్చే సరుకేమో ఆదోని మార్కెట్ యార్డులో ఏటా గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది.

గృహప్రవేశం నాడు సామాను చేరని గదిలో మాట్లాడినవాళ్ళకు సగం సంగతి తెలిసే ఉంటుంది. మాట నోటినుంచి బయటపడ్డాక కూడా గదిలో కాసేపు తిరుగుతూనే ఉంటుంది. మంచాలూ పరుపులూ బట్టల మూటలూ చేరాక అదే గదిలో అదే గొంతు తేటగా వినిపిస్తుంది. ఫంక్షన్ హాల్లో పొద్దున్నే మైకు పరీక్షించే కుర్రాడు ‘హలో చెక్’ అంటే నాలుగు దిక్కులా మోగుతుంది. ముహూర్తం వేళకు పట్టుచీరలూ పంచెలూ కుర్చీల నిండా కూర్చున్నాక పురోహితుడి మంత్రం పదం పదం విడిగా వినపడుతుంది. ఈ మధ్యలో మైకు మారలేదు, యాంప్లిఫయర్ మారలేదు. గదిలోకి మెత్తని సరుకు వచ్చి కూర్చుంది, అంతే.

దీన్ని మొదట లెక్కకట్టినవాడు వాలెస్ సబైన్. 1895 నాటికి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్త భవనం. అందులోని ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాట ఆగిపోయినా దాని మోత అయిదున్నర సెకన్లపాటు గదిలో మిగిలేది. దాన్ని బాగుచేసే పని భౌతికశాస్త్రం చెప్పే యువ అధ్యాపకుడు సబైన్ మీద పడింది. ఆయన దగ్గరున్న పరికరాలు ఒక ఆర్గన్ గొట్టం, కాలం కొలిచే గడియారం, సొంత చెవులు. ఊరు మాటుమణిగాక శాండర్స్ థియేటర్ కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి గదిలో పరిచేవాడు. గొట్టం పలికించి ఆపి, మోత చావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచేవాడు. తెల్లారేలోగా దిండ్లు మళ్ళీ యథాస్థానానికి చేరేవి. దిండ్లు పెరిగేకొద్దీ మోత తగ్గింది. 1898లో ఆయనకు సూత్రం చిక్కింది: గది ఎంత పెద్దదైతే మోత అంతసేపు నిలుస్తుంది, గదిలో శబ్దాన్ని పీల్చే సరుకు ఎంత ఎక్కువైతే అంత త్వరగా చస్తుంది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలుకు ఆ లెక్కే ఆధారం. ఆ సూత్రంలో వాట్లకు చోటే లేదు.

దాన్ని ఎమ్మిగనూరుకు తెచ్చి చూడాలి. ఇప్పటి ఇళ్ళలో మామూలుగా కట్టే హాలు ఒకటి తీసుకుంటే, 15 అడుగుల పొడుగు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. పైన ఆర్‌సీసీ స్లాబు, నాలుగు పక్కలా సిమెంటు పూత మీద నున్నటి పుట్టీ, కింద విట్రిఫైడ్ టైల్సో బేతంచెర్ల బండలో. లోపలి గాలి 1,800 ఘనపుటడుగులు. నేల, కప్పు, గోడలు అన్నీ కలిపి 900 చదరపుటడుగులు. ఇంత గట్టి నునుపు తలాలు మీద పడ్డ శబ్దంలో నూటికి మూడు వంతులు పీల్చి, మిగతాదంతా వెనక్కి కొడతాయి. సబైన్ లెక్క ప్రకారం ఖాళీగా ఉన్నప్పుడు ఈ గది మోత 3 సెకన్లు దాటుతుంది. సోఫా, కర్టెన్లు, నలుగురు మనుషులు చేరితే ఒకటిన్నర సెకనుకో, ఇంకాస్త కిందికో దిగుతుంది. సినిమా చూసే చిన్న గదికి ఉండాల్సింది అర సెకను, వీలైతే అంతకంటే తక్కువ.

తెలుగు సంభాషణ సెకనుకు అయిదారు అక్షరాల చొప్పున పరిగెడుతుంది. ఒకటిన్నర సెకను మోగే గదిలో ఎనిమిదో తొమ్మిదో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. “డైలాగు తెలియట్లేదు, సౌండు పెంచరా” అని ఇంట్లో పెద్దాయన అంటే మనవడు రిమోట్ నొక్కుతాడు. మాటతోపాటు మోత కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. తెలియనిది తెలియనట్టే ఉంటుంది, కాకపోతే ఇంకా గట్టిగా. ఆ పూట ఇంట్లోవాళ్ళు చేసే తీర్మానం, పాత సెట్టు పనికిరాదు, ఎక్కువ వాట్లది తేవాలని.

వాట్ల దగ్గర కొంచెం నిలబడాలి, జేబులు ఖాళీ అయ్యేది ఇక్కడే కాబట్టి. పెట్టె ముందు అట్ట మీద 10,000 వాట్లు పీఎంపీఓ అని ఉంటుంది. పీఎంపీఓకి అందరూ ఒప్పుకున్న కొలతంటూ ఏదీ లేదు, ఎవరికి తోచినంత వాళ్ళు రాసుకోవచ్చు. అదే యంత్రాన్ని వెనక్కి తిప్పితే కరెంటు తీగ దూరే చోట చిన్న అక్షరాల్లో ఇంకో అంకె కనపడుతుంది. అది కరెంటు ఎంత తాగుతుందో చెప్పే అంకె. చవక సెట్లలో అది వంద వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. తాగేది వంద, కక్కేది పదివేలట! ఇంట్లో టీవీ పక్కనుండే 6 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగిందే 1,380 వాట్లు. అమెరికాలో ఇలాంటి అంకెల గారడీ మితిమీరితే యాంప్లిఫయర్ వాట్లు ఎలా కొలవాలో, ఎలా ప్రకటించాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది. మన అంగళ్ళలో ముందు అట్ట చదువుతారు, వెనక పట్టీ ఎవరూ చదవరు.

పోనీ వాట్లు నిజమైనవే అనుకున్నా ఒరిగేది తక్కువ. ఓ మోస్తరు స్పీకరు ఒకే ఒక్క వాటు తీసుకుని మీటరు దూరంలో 87 డెసిబెల్స్ దాకా పలుకుతుంది. మనుషుల మామూలు మాట 60 డెసిబెల్స్. అంటే ఇంట్లో సినిమా నడుస్తున్నంతసేపూ చాలావరకు ఖర్చయ్యేది వాటో రెండు వాట్లో. పేలుళ్ళకీ ఢమాలుమనే చోట్లకీ మాత్రమే పదులు కావాలి. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు గట్టిగా తోచాలంటే 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పదింతలు కావాలి. 50 వాట్లది తీసేసి 100 వాట్లది తెచ్చుకున్న మనిషికి దక్కేది కాస్తంత తేడా. అది రిమోట్ రెండు మూడుసార్లు నొక్కినా వచ్చేదే.

ఈ వాట్ల పిచ్చికి మూలం వినాయక నిమజ్జనం ట్రాక్టర్లు, పెళ్ళి ఊరేగింపుల డీజేలు. ఆరుబయట శబ్దం నాలుగు దిక్కులా చెదిరిపోతుంది, వెనక్కి తెచ్చే గోడ ఉండదు. అక్కడ వాట్లు కావాల్సిందే. “ఆన్ చేస్తే కిటికీలు అదరాల అన్నా” అని అంగట్లో కుర్రాడు చెప్పే గొప్ప ఆ వీధి కొలతే. ఇంట్లో కిటికీ అదిరిందంటే అది తన సొంత వాయిద్యం సినిమాకు కలుపుతోందని అర్థం. సంగీత దర్శకుడు కీరవాణి ఏ స్వరంలోనూ కిటికీ రెక్క రాసి ఉండరు.

స్పీకర్ల సంఖ్య మీద ఉన్న భ్రమ కూడా ఇలాంటిదే. అయిదు కంటే ఏడు మేలు, ఏడు కంటే తొమ్మిది మేలు అంటారు. కొన్నవి తెచ్చి పిల్లలకు అందకూడదని నాలుగు మూలలా సీలింగ్‌కు ఆనించి కొడతారు. 5.1 అమరికకు అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది. చూసేవాడి మధ్యగీతకు ముందున్న రెండు స్పీకర్లు అటొక 30 డిగ్రీలు, ఇటొక 30 డిగ్రీలు. పక్కవి రెండూ 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవికి కాస్త వెనగ్గా. సంభాషణ దాదాపు మొత్తం వచ్చే నడిమి స్పీకరు తెర దగ్గర, ముఖానికి సూటిగా ఉండాలి. దాన్ని టీవీ స్టాండు అరలోకి తోసి, ముందు పూలకుండీ పెట్టి, మాట వినపడలేదని యంత్రాన్ని తిట్టుకునే ఇళ్ళు కోకొల్లలు. శబ్దం పైనుంచి కురిసే అట్మాస్ విషయంలో మాత్రం మన ఆర్‌సీసీ స్లాబు మేలే చేస్తుంది. కప్పుకు కొట్టి కిందికి వంచే రకం స్పీకర్లకు గట్టి చదునైన కప్పు కావాలి, మధ్యలో ఫ్యాను రెక్కలు అడ్డం రాకుండా చూసుకుంటే చాలు.

తెర గురించి రెండు ముక్కలు. 55 అంగుళాల టీవీ వెడల్పు నాలుగడుగులు. కన్నుకు 30 డిగ్రీలు నిండాలంటే ఏడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. 100 అంగుళాల తెరకైతే పదమూడున్నర అడుగులు కావాలి. 15 అడుగుల హాల్లో అది పెడితే వీపు వెనక గోడకు ఆనుతుంది, అక్కడ లావు శబ్దాలు పలికే సబ్‌వూఫర్ గుబగుబలు ఎక్కువ. ఆ గుబగుబ కూడా గది చేసేదే. 12 అడుగుల ఎడం ఉన్న రెండు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర అలలు ఇరుక్కుని ఉబ్బుతాయి. పొడుగూ వెడల్పూ రెండూ 12 అయితే ఆ ఉబ్బు రెండింతలు. చతురస్రపు గదిలో ఎంత ఖరీదైన సబ్‌వూఫర్ పెట్టినా ఒకే బొంగురు స్వరం తరుముకొస్తుంది. సబ్‌వూఫర్‌ను మూలనుంచి రెండడుగులు జరిపి చూడటానికి పైసా ఖర్చు లేదు, కాబట్టే ఆ సలహా ఎవరూ ఇవ్వరు.

గది ముఖ్యమని అరకొరగా తెలిసినవాళ్ళు మరో గోతిలో పడతారు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. ఎగుడుదిగుడుగా ఉంటే శబ్దం చచ్చిపోతుందని వాదన. పలచటి ఆ అట్ట లావు శబ్దాలను, అంటే బేస్‌ను, దాదాపు ఏమీ చేయలేదు. ఇంకొందరు అంగుళం మందం నల్ల ఫోము తెప్పించి మెరిసే గోడలన్నిటికీ కొడతారు. అది సన్నని శబ్దాలను మింగేసి లావు శబ్దాలను వదిలేస్తుంది, గది మూగగా, గుబగుబగా తయారవుతుంది. పైగా పాలియురేథేన్ ఫోము అంటుకుంటే వచ్చే పొగ విషం.

ఆ పనికి సరైన సరుకు ఈ ఊళ్ళలోనే ఉంది. ఆదోని గురించి 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా కొద్ది వాక్యాలే రాసింది. అందులోనే తివాచీలు, పట్టు, నూలు బట్టలు, పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీలు అన్నీ ఉన్నాయి. అప్పటికి ఆదోని బళ్ళారి జిల్లాలోది. 1953లో ఆంధ్ర రాష్ట్రంతోపాటు కర్నూలు జిల్లాలోకి వచ్చింది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టి మగ్గాలను ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. తివాచీ, దూది, ముతక నూలు గుడ్డ: గదిలో మోతను చంపడానికి నగరాల్లోని అకౌస్టిక్ కంపెనీలు అమ్మేవాటి పని చేసే సరుకులు ఇవే. ఇంత ఉండగా ఈ రెండు ఊళ్ళవాళ్ళు బెంగళూరునుంచి ఫోము పలకలు తెప్పించుకోవడం విడ్డూరం.

పని ఎలా చేయాలో చెప్పకుండా వదిలేస్తే ఇదీ అట్టపెట్టె మీది మాటే అవుతుంది. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల లోతు ఉన్న కర్ర చట్రం చేయించాలి. ఏకిన దూది అందులో రెండుంబావు కిలోలు సర్దాలి. నిలువుగా తగిలిస్తే దూది కిందికి జారి పైన బోలు పడుతుంది. అందుకని పరుపుకు వేసినట్టే జానెడుకొక కుట్టు వేయాలి. ఇది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే దూదేకులవారికి వేరే నేర్పక్కర్లేని పని. ఇలాంటివి 19 చట్రాలైతే 150 చదరపుటడుగులు. మొత్తం దూది 43 కిలోలు, 170 కిలోల బేలులో నాలుగో వంతు. గింజతో ఉన్న పత్తి లెక్కలో క్వింటాలుంబావు కంటే కాస్త ఎక్కువ. 2024–25లో పొడుగు పింజ పత్తికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. దాన్నిబట్టి గోడలకెక్కే పత్తి విలువ పదివేల లోపే, గింజల డబ్బు తీసేయకముందే. పేరున్న కంపెనీ ఏవీ రిసీవర్ ఒక్కటి దానికి మూడు నాలుగు రెట్లు.

ఆ చట్రాలు పక్కగోడల్లో శబ్దం మొదట తగిలే చోట, చూసేవాళ్ళ వెనక గోడకు, మూలల్లో పెడితే అదే లెక్కలో 3 సెకన్లు దాటే ఖాళీ గది అర సెకను చిల్లరకు దిగుతుంది. నేల మీద మందపాటి జంపఖానా పరిస్తే ఇంకాస్త. గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం వదిలితే, డబ్బు పెంచకుండానే లావు శబ్దాల మీద కూడా పట్టు కొంత పెరుగుతుంది.

అభ్యంతరాలు గట్టివే ఉన్నాయి. దూది నిప్పంటుకుంటుంది కదా? అంటుకుంటుంది. అమెరికాలో పత్తితో చేసే ఇన్సులేషన్‌కు బోరేట్ లవణాలు పట్టిస్తారు, మంట పాకకుండా. ఇక్కడ కూడా బోరిక్ ఆమ్లం పట్టించని దూదిని గోడకెక్కించకూడదు, స్విచ్ బోర్డుకూ తీగలకూ దగ్గర పెట్టకూడదు. ఎలుకలు? చట్రం వెనక సన్నటి ఇనుప జాలీ కొట్టాలి. పశ్చిమ కర్నూలు ఎండల్లో తలుపులు మూసిన గదిలో కూర్చునేదెలా అన్నది అన్నిటికంటే న్యాయమైన ప్రశ్న. కూలర్ పెడితే దాని హోరులో గుసగుసలన్నీ మునిగిపోతాయి. ఏసీ లేని ఇంట్లో ఏప్రిల్, మే నెలల్లో ఈ ముచ్చటకు రాత్రులే గతి, లేదా కిటికీలు తెరుచుకుని పాటలతో సరిపెట్టుకోవాలి.

పక్కింటివాళ్ళ సంగతి వేరు. దూది లోపలి మోతను చంపుతుంది గానీ శబ్దం బయటికి పోకుండా ఆపలేదు. దాన్ని ఆపేది గోడ బరువు. పాత ఆదోనిలోని రాతిగోడల మిద్దెలకు ఆ బరువు పుట్టుకతోనే ఉంది, నాలుగున్నర అంగుళాల ఇటుకగోడకు లేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. రాత్రి పది దాటాక కిటికీలు అదరాలనుకునే అన్నలు ఆ అంకెలు గుర్తుపెట్టుకుంటే మేలు.

విల్లాల మోజు ఉన్నవాళ్ళకు ఒక మాట. ఇటాలియన్ మార్బుల్ నేల, నేలనుంచి కప్పుదాకా అద్దం గోడ, రెండంతస్తుల ఎత్తు హాలు: సబైన్ సూత్రంలో ఈ మూడూ తప్పు వైపు అంకెలే. అలాంటి హాల్లో ఇరవై లక్షల సెట్టు పెట్టినా, ఎమ్మిగనూరులో పరుపులూ బియ్యం బస్తాలూ పెట్టుకునే వెనకగదిలో రెండు మంచి స్పీకర్లు పలికినంత తేటగా మాట పలకదు. ‘సౌండ్‌బార్ ఒకటి చాలదా’ అనేవాళ్ళ వాదనలో కూడా సగం నిజముంది. గది బాగుంటే చాలామందికి రెండు స్పీకర్లు చాలు. గది బాగోకపోతే సౌండ్‌బార్ చేసేదీ మోతే. అయిదు స్పీకర్లు కొన్నవాళ్ళు కనీసం టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి సౌండ్ ఔట్‌పుట్ దగ్గర పీసీఎం అని ఉందేమో చూసుకోవాలి. ఆప్టికల్ తీగలో పీసీఎం రెండు చానళ్ళే మోస్తుంది. ఏళ్ళ తరబడి వెనక స్పీకర్లు ఊరికే గోడకు వేలాడుతున్న ఇళ్ళలో లోపం తరచుగా ఆ ఒక్క సెట్టింగులోనే ఉంటుంది. స్పీకర్లలో ఆగని గుయ్యిమనే రొద వస్తుంటే యంత్రాన్ని అనుమానించే ముందు ఎర్తింగ్ చూపించుకోవాలి. నల్లరేగడి ఎండాకాలం బీటలిచ్చి ఎండిపోతే ఎర్తు గుంటలో పట్టు తగ్గిపోతుంది. రెండు బిందెల నీళ్ళు పోసి చూస్తే కొంత తెలుస్తుంది.

మిగిలింది ఇంటి ఆడవాళ్ళు లేవనెత్తే ప్రశ్న: హాల్లో గోడలకు పరుపులు వేలాడదీస్తే చూసేవాళ్ళు నవ్వరా? చట్రాల మీద కప్పే గుడ్డ ఎంపికలో దానికి జవాబుంది. రంగు, అంచు, గళ్ళు ఇంటివాళ్ళ ఇష్టం. చూడాల్సింది ఒక్కటే, గుడ్డలోంచి గాలి ఆడాలి. అంగట్లోనే గుడ్డను పెదవులకు ఆనించి ఊదితే, అవతల పెట్టిన అరచేతికి ఊపిరి తగలాలి. మగ్గం మీద వదులుగా నేసిన ముతక నూలు ఆ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. రెక్సిన్ నెగ్గదు. దానితో కప్పితే లోపల ఎంత దూది ఉన్నా సన్నని శబ్దాలు గోడకు తగిలినట్టే తగిలి వెనక్కి వస్తాయి.